ఎవరూ రారనుకున్న వీధి

సినిమా కెమెరా పక్కన నిలబడి దూరాలు చూసుకోవడం ఒకప్పుడు నా ఉద్యోగం. ఫోకస్ పుల్లర్ అంటారు. నటుడు ఒక అడుగు ముందుకు వేస్తే, అతని ముఖం మసకబారకుండా లెన్సు చక్రాన్ని ఆ అడుగు మేర తిప్పాలి. సరిగ్గా తిప్పినన్నాళ్ళూ మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. ఒక్కసారి తప్పితే యూనిట్ మొత్తం మా వైపు తిరిగి చూస్తుంది. కళ్ళు మొరాయించడంతో నడివయసులోనే మానుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "సార్, మీరు చేసినవాటిలో బెస్ట్ షాట్ ఏది?" అని అడుగుతుంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కావాలని చెడగొట్టిన షాట్ మాత్రం ఒకటుంది. అది చెబుతాను.

ఈ విద్య నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా అమ్మ నర్సు. ఆమె ఉద్యోగం కోసమే ఆంధ్ర నుంచి బెంగళూరు వచ్చి, చర్చి ఆవరణలో ఒక చిన్న ఇంట్లో ఉన్నాం. గేటుకీ గంటకీ మధ్య ఎంత దూరమో కంటితో అంచనా వేసి, తరవాత టేపు పెట్టి కొలుచుకోవడం అప్పట్లో నా ఆట. అంచనాకీ టేపుకీ తేడా అంగుళాల్లోకి దిగాక, దీనికి కూడా జీతమిచ్చే పని ఎక్కడైనా ఉంటుందా అని వెతుక్కున్నాను.

వెతుక్కునే రోజుల్లో నాకు గురువులాంటివాడు ఒక బ్రిటిష్ దర్శకుడు. నేరాల సినిమాలు తీసేవాడు. ఆయన సినిమాల్లో తుపాకులు తక్కువ, మురికి మెట్లు ఎక్కువ. దొంగ సీడీలు తెచ్చుకొని, బొమ్మ ఆపి, ఈ ముఖం కెమెరాకి ఎన్ని అడుగుల దూరంలో ఉందో లెక్క కట్టేవాణ్ణి. అలా ఆరు సినిమాలు చూశాను. ఆయన రేవు కూలీ కొడుకు. మొదటి సినిమా అరువు తెచ్చుకున్న కెమెరాతో తీశాడు. రెండోదానితో పేరొచ్చింది. అందులో ఒక అపార్టుమెంటు మెట్ల మీద ఒక మనిషిని నలుగురు కొడుతుంటారు. కెమెరా వాళ్ళని చూపించదు. ఒక్కొక్కటిగా మూసుకునే తలుపుల్ని చూపిస్తుంది. ఆ సీను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టనివి తక్కువ.

ఆరు సినిమాల్లోనూ అలాంటి సీను ఒకటి ఉంటుంది. ఎవరో అరుస్తారు, ఎవరూ రారు. విమర్శకులు దాన్నే ఆయన సంతకం అన్నారు. ఆ తరవాత ఆయన తీసిన సినిమాలు ఆడలేదు. అక్కడ డబ్బు పెట్టేవాళ్ళు దొరక్క, బెంగళూరులో జరిగే కథ ఒకటి రాసుకొని, ఇక్కడి నిర్మాతలతో కలిసి తీయడానికి వచ్చాడు. ఆ సినిమాకి ఫోకస్ పుల్లర్‌గా నన్ను పిలిచారు. ఆ ఫోను వచ్చినప్పుడు నేను సిగ్నల్ దగ్గర బండి మీద ఉన్నాను. పచ్చలైటు పడినా కదలకుండా నిలబడి వెనకవాళ్ళ చేత తిట్లు తిన్నాను.

మనిషి మేము ఊహించినట్టు లేడు. పలచగా, మెల్లగా మాట్లాడేవాడు. మారతహళ్ళిలో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకొని ఆఫీసు పెట్టారు. పొద్దున ఆయనే అందరికంటే ముందు వచ్చి, ఆఫీసు బాయ్‌ని కూర్చోబెట్టి తనే టీ కలిపేవాడు. లైట్లు మోసేవాళ్ళని కూడా 'ప్లీజ్' లేకుండా పిలిచేవాడు కాదు. "ఇంత మంచాయన సినిమాల్లో ఇన్ని తలలు పగలగొట్టిస్తాడేంటి సార్" అని మా అసిస్టెంట్ డైరెక్టర్ నా చెవిలో అనేది. ఆమె గుంటూరు పిల్ల. దర్శకుడి మాటని మాకూ, మా మాటని దర్శకుడికీ చేరవేసేది ఆమే.

అసలు విషయం బొమ్మనహళ్ళిలో తీయాల్సిన సీను. హోసూరు రోడ్డు పక్కన, సాయంత్రం, ఒక గూండా ఒక అమ్మాయిని చెయ్యి పట్టుకొని ఈడ్చుకెళ్ళి కారులో పడేస్తాడు. చుట్టూ మామూలు జనం ఉంటారు. వాళ్ళకి అది షూటింగ్ అని తెలియకూడదు. వాళ్ళు చూసీ చూడనట్టు నడిచిపోవాలి. నటించేవాళ్ళతో తీస్తే ఆ నడక రాదని ఆయన పట్టుదల. అందుకే బట్టల ఫ్యాక్టరీ షిఫ్టు వదిలే వేళ ఎంచుకున్నాడు.

గూండా వేషం వేసింది హెబ్బగోడి కుర్రాడు. పగలు ఒక యంత్రాల కార్ఖానాలో లేత్ మీద పని, సెలవు దొరికినప్పుడల్లా సినిమాల్లో చిన్న వేషాలు. మదనపల్లె వైపువాడు. ఇదే అతనికి పేరున్న మొదటి పాత్ర. రిహార్సల్ అయ్యాక అతనే అడిగాడు.

"సార్, జనం మీద పడి కొడితే?"

అసిస్టెంట్ డైరెక్టర్ ఇంగ్లీషులో చెప్పింది. దర్శకుడు టీ కప్పు కింద పెట్టి నవ్వాడు. "ఎవరూ రారు," అన్నాడు. "నేను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. ఫోన్లు బయటికి తీస్తారు. అంతే."

ఆయన పరాయివాడు. మాలో ఒక్కరైనా కాదనాల్సింది. కానీ అసిస్టెంట్ డైరెక్టరే ముందు తలూపింది. "కరెక్టే సార్. ఇక్కడ నా పీజీ కిందే ఒకడు నా బ్యాగ్ లాక్కుపోతుంటే ఇరవై మంది చూస్తా నిలబడ్డారు. ఒకాయన తనకి అడ్డమొచ్చానని నా మీదే విసుక్కున్నాడు కూడా." కెమెరామన్ ఇంకో కథ చెప్పాడు. నేను చెప్పడానికీ ఒకటి దొరికింది. ఈ ఊళ్ళో పెరిగినవాణ్ణి, వీధులన్నీ అడుగుల్లో తెలిసినవాణ్ణి, నేను కూడా రారనే అన్నాను.

అయినా అసిస్టెంట్ డైరెక్టరే పట్టుబట్టి ఒక సైగ పెట్టించింది. కుర్రాడికి ప్రమాదం అనిపిస్తే రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాలి. అది చూడగానే దర్శకుడు కట్ చెబుతాడు.

"సైన్ ఇస్తే ఖచ్చితంగా కట్ అంటారు గదన్నా?" అని కుర్రాడు నన్ను అడిగాడు.

"ఆయన చూడకపోతే నేను చూస్తాను. నీ ముఖం మీదే ఉంటాయి నా కళ్ళు," అన్నాను.

ఆ సాయంత్రం ఒక చిన్న సరుకుల బండిలో, టార్పాలిన్ వెనక, కెమెరామన్ కెమెరాతోనూ నేను నా చక్రంతోనూ కూర్చున్నాం. టార్పాలిన్‌కి లెన్సు పట్టేంత కంత. ఇప్పటి పద్ధతిలో చక్రం లెన్సు మీద ఉండదు. వేరే చేతిపెట్టెలో ఉంటుంది, దాని పక్కన చిన్న తెర. రెండో కెమెరా ఎదుటి టీ కొట్టు మేడ మీద. దర్శకుడు, అసిస్టెంట్ డైరెక్టర్ కొంచెం అవతల ఆపిన వ్యానులో, రెండు కెమెరాల బొమ్మలూ చూస్తూ. అందరి చెవులకీ హెడ్‌సెట్లు, మాట్లాడే మైకు మాత్రం దర్శకుడికే. పోలీసు అనుమతి ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు సిగ్నల్ దగ్గర నిలబడ్డారు. కారు తలుపు నలభై అడుగులు, కరెంటు స్తంభం యాభై రెండు, ఫ్యాక్టరీ గేటు నూట పది. అన్నీ ముందే కొలిచి పెట్టుకున్నాను.

గేటు తెరిచారు. ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా బయటికి వచ్చారు. మెడలో ట్యాగులు, చేతుల్లో టిఫిన్ క్యారియర్లు. మా నటి వాళ్ళలో కలిసి నడుస్తోంది. నమ్మేలా ఉండాలని ఆమె మెడలోనూ అలాంటి ట్యాగే వేశాం. అదెంత పని చేస్తుందో మాకు తోచలేదు.

కుర్రాడు స్తంభం దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అరిచింది. అతను ఈడ్చాడు. యాభై రెండు, యాభై, నలభై ఎనిమిది. చక్రం నా వేళ్ళ కింద మెత్తగా తిరుగుతోంది. షాట్ అద్భుతంగా ఉంది.

నలభై ఐదు దగ్గర ఒక టిఫిన్ క్యారియర్ ఫ్రేములోకి వచ్చి అతని వీపు మీద పడింది.

తరవాత ఫ్రేము నిండా చీరలూ చున్నీలే. గేటు దగ్గరున్నవాళ్ళు కూడా పరుగున వస్తున్నారు. బస్సెక్కినవాళ్ళు దిగి వస్తున్నారు. సిగ్నల్ దగ్గరి కానిస్టేబుళ్ళు ఇదీ షూటింగులో భాగమే అనుకొని కదల్లేదట. ఫోను తీసినవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు. నటిని నలుగురు లాగేసి వెనక్కి తీసుకుపోయారు. ఆమె ఏడుస్తూ ఏదో చెప్పబోతోంది. యాభై దాటిన ఒకావిడ ఆమె తలని తన భుజానికి అదుముకొని, "భయపడొద్దు పాపా, మేముండాము గదా. మాట్లాడొద్దు, ఊపిరి తీసుకో," అంటోంది. ఈ అమ్మాయి షూటింగ్ అంటోంది, ఆవిడ ఆ నోటిని తన పైటలోకి అదిమేస్తోంది.

కుర్రాడు మోకాళ్ళ మీద పడ్డాడు. గుంపు సందులోంచి అతని ముఖం నా చిన్న తెర మీద స్పష్టంగా కనబడుతోంది. అంత స్పష్టంగా ఉంచింది నేనే. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు. సైగ. కానీ కొడుతుంటే ఎవరైనా అలాగే తల కాచుకుంటారు. ఆ సంగతి మాలో ఒక్కరికీ ముందు తట్టలేదు.

హెడ్‌సెట్‌లో కట్ వినబడుతుందని చూశాను. వినబడలేదు.

సినిమావాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. కట్ అన్న మాట దర్శకుడి నోటి నుంచే రావాలి. లైటు పేలినా, వాన పడినా, ఆయన అనేదాకా కెమెరా ఆగదు, మేము కదలం. అది ఎంత లోతుగా ఎక్కుతుందో ఆ రోజే తెలిసింది. పక్కన కెమెరామన్ కన్ను కెమెరా నుంచి తీయలేదు. "చంపేస్తారయ్యా వాణ్ణి," అన్నాను. "కట్ చెప్పలేదు గదా," అన్నాడు.

అప్పుడు చక్రం చివరిదాకా తిప్పేశాను. తెర మీద కుర్రాడు, చీరలు, కారు అన్నీ కరిగి రంగుల మచ్చలైపోయాయి. ఫోకస్ పోయిన షాటు దేనికీ పనికిరాదు. దర్శకుడన్నవాడు ఆ బొమ్మ చూసి కట్ అనకుండా ఉండలేడు. అది నా లెక్క.

"ఫోకస్," అంది హెడ్‌సెట్‌లో ఆయన గొంతు, మెల్లగా. "ఫోకస్, ప్లీజ్."

నేను తిప్పలేదు.

ఆయన మళ్ళీ మాట్లాడాడు. "రెండో కెమెరా, మీరు అతని మీదే ఉండండి. ప్లీజ్."

ఆ ప్లీజ్ అన్న మాట ఇప్పటికీ ఎవరైనా మెల్లగా అంటే నాకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

హెడ్‌సెట్ పీకేసి, టార్పాలిన్ తాళ్ళు తెంపి కిందికి దూకాను. "షూటింగ్, షూటింగ్" అని తెలుగులో, కన్నడంలో, తోచిన ప్రతి భాషలో అరిచాను. ఎవరూ వినలేదు. ఒకావిడ నన్నూ వాడి జతగాడనుకొని భుజం మీద ఒకటిచ్చింది. చివరికి ఆపింది నేను కాదు, నేను తాళ్ళు తెంపిన టార్పాలిన్. అది జారిపడి, లోపల కెమెరా, దాని వెనక కెమెరామన్ బయటపడ్డారు. ఒక అమ్మాయి అటు చెయ్యి చూపించింది. బయటి వరుస ఆగింది. తరవాతి వరుస ఆగింది. నట్టనడుమ ఉన్నవాళ్ళకి మాత్రం ఆ సంగతి చేరేసరికి ఇంకా కొన్ని దెబ్బలు పడ్డాయి.

కుర్రాడు పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. చెవి మీద నెత్తురు. కుడి మణికట్టు వంగకూడని వైపు వంగి ఉంది. చిన్నప్పుడు మా అమ్మ చెప్పినట్టు దాన్ని కదలనీయకుండా నా రెండు చేతుల్లో పట్టుకొని కూర్చున్నాను. "సైన్ ఇచ్చినానన్నా," అన్నాడు. అంతే అన్నాడు.

అంబులెన్సుకి అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్ చేసింది. దర్శకుడు వ్యాను దిగి నడుచుకుంటూ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. నటిని పట్టుకున్న ఆవిడ గుంపులోంచి ముందుకొచ్చింది. చేతిలో సొట్టపోయిన క్యారియర్.

"ఈయప్పేనా దొడ్డాయన?" అని అడిగింది.

అవును, దర్శకుడు ఈయనే అన్నాం.

"అడగమ్మా ఈయన్ని. ఆడబిడ్డని రోడ్డు మీద ఈడ్చుకుపోతాంటే వాళ్ళూర్లో జనం చూస్తా ఉంటారా?"

అసిస్టెంట్ డైరెక్టర్ ఇంగ్లీషులోకి మార్చింది. దర్శకుడు ఆవిడ ముఖంలోకి చూశాడు. "అవును," అన్నాడు. "నాకు తెలిసినంతవరకు, అవును."

"అట్లయితే ఈ సినిమా అక్కడే తీసుకోవాల్సింది గదప్పా. ఇక్కడికెందుకొచ్చినావు?"

ఆ మాట ఎవరూ ఆయనకి మార్చి చెప్పలేదు.

డాక్టరు మణికట్టులో స్టీలు ప్లేటు వేశాడు. చెవి దెబ్బ ఒక్క అంగుళం ముందుకి పడి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు. ఖర్చు నిర్మాతలు పెట్టుకున్నారు. మర్నాడు ఆడవాళ్ళు ఐదారుగురు, ఆ పెద్దావిడతో సహా, ఆస్పత్రికి వచ్చారు. పళ్ళు తెచ్చారు, అన్నం తెచ్చారు. ఎవరు ఎక్కడ కొట్టారో వాళ్ళలో వాళ్ళకే వాదన.

"చెవి మీద నేను కాదప్పా. నేను వీపు మీదే," అంది పెద్దావిడ. "నిజంగా దొంగనాయాలివే అనుకున్యాము. ఆ చూపేంది, ఆ ఈడ్చడమేంది. అంత బాగా చేసినావు నాయనా."

కుర్రాడు కట్టు కింద నుంచే నవ్వాడు. "ఇంత మంచిమాట నాకింతవరకు ఎవరూ చెప్పలేదక్కా. ఈసారి చెప్పేదుంటే నోటితో చెప్పండి."

ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. అన్నం తనే కలిపి తినిపించింది.

దర్శకుడు వరండాలో బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. పక్కన చోటు చూపించాడు. కూర్చున్నాను. చెడగొట్టిన షాట్ గురించి ఒక్క మాట అనలేదు. "నేను చూస్తూ ఉండిపోయాను," అన్నాడు. "వాళ్ళు రావడం చూస్తూ ఉండిపోయాను. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. కట్ అనే మాట నోటికి రాలేదు."

ఆ మాట నిజమే అయ్యుండాలి. మరి రెండో కెమెరాకి చెప్పిన మాట నోటికి ఎలా వచ్చింది? ఆ ప్రశ్న నా నాలుక చివర ఉంది. అడగలేదు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయని ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది. ఆయన కళ్ళలో నీళ్ళు మాత్రం నేను చూశాను.

సినిమా మారిపోతుందనుకున్నాను. ఆయన మొదటిసారి, జనం వచ్చే సీను తీస్తాడు. రెండో కెమెరా బొమ్మ చెక్కుచెదరకుండా ఉంది కూడా. మేమంతా అదే మాట్లాడుకున్నాం.

కొన్ని నెలల తరవాత హెబ్బగోడి దగ్గర ఒక పాత గోడౌన్‌లో బొమ్మనహళ్ళి వీధి కట్టారు. టీ కొట్టు, కరెంటు స్తంభం, ఫ్యాక్టరీ గేటు. దూరాలు నా కొలతలే. గూండా మళ్ళీ మా కుర్రాడే. జూనియర్ ఆర్టిస్టుల్ని తెచ్చి ట్యాగులు వేశారు. అమ్మాయి అరవగానే తలలు తిప్పుకొని నడిచిపోవాలని వాళ్ళకి చెప్పారు.

"సార్, మరి ఆ రోజు జరిగింది?" అని అడిగాను. అడిగేంత చనువు నాకు లేదు, అయినా నోరు ఆగలేదు.

ఆయన విసుక్కోలేదు. "జరిగింది. కానీ తెర మీద ఎవరూ నమ్మరు. ఒక్క మనిషి వస్తే నమ్ముతారు. ఊరు ఊరంతా వస్తే నవ్వుతారు. ఇది నిజం కాదు, సినిమా అంటారు."

నిర్మాతలతో ముందు ముందు పని పడుతుంది, ఒప్పందం మీద సంతకం ఉంది, ఇల్లు గడవాలి. చక్రం పట్టుకున్నాను. ఆ షాట్ తేలిగ్గా రాలేదు. జూనియర్ ఆర్టిస్టుల్లో ఒకామె, అమ్మాయి అరిచిన ప్రతిసారీ, ఒక అడుగు ముందుకు వేసేసేది. కట్. మళ్ళీ. మళ్ళీ కట్. అసిస్టెంట్ డైరెక్టర్ వెళ్ళి బతిమాలింది. "ఏం చేసేదమ్మా, కాలు తనంతట అదే పోతాది," అంది ఆమె. చివరికి ఆమెని ఫ్రేములోంచి తప్పించి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ రోజు దర్శకుడి కట్ ప్రతిసారీ వేళకే వచ్చింది.

సినిమాకి మంచి పేరొచ్చింది. ఆయన మళ్ళీ నిలదొక్కుకున్నాడని రాశారు. నగరాన్ని ఇంత నిజంగా ఎవరూ చూపించలేదని కూడా రాశారు.

మారతహళ్ళిలో ఒక మల్టీప్లెక్సులో నేనూ కుర్రాడూ పక్కపక్కన కూర్చొని చూశాం. అతని మణికట్టు పూర్తిగా తిరగదు. లేత్ పని పోయింది, అదే కార్ఖానాలో స్టోర్సులో పెట్టుకున్నారు. దగ్గరి షాట్లలో అమ్మాయిని పట్టుకున్న చెయ్యి అతనిది కాదు, వేరేవాళ్ళది. దాన్ని చూసి నవ్వుకున్నాడు.

తరవాత వీధి మొత్తం తెర మీదికి వచ్చింది. అమ్మాయి అరుస్తోంది. ట్యాగులు వేసుకున్న ఆడవాళ్ళు తలలు తిప్పుకొని నడిచిపోతున్నారు. అంతా స్పష్టంగా ఉంది. ప్రతి ముఖం, ప్రతి టిఫిన్ క్యారియర్. వెనక సీటులో ఎవరో, "కరెక్టుగా తీశాడ్రా. ఇక్కడింతే," అన్నాడు.

కుర్రాడు సీటు అంచుకి జరిగి తెర మీదే చూస్తున్నాడు. కారు తలుపు మూసుకుంది. కారు కదిలింది. వీధి ఖాళీ అయ్యేదాకా అతను రెప్ప వేయలేదు. అప్పుడు నా వైపు వంగాడు.

"ఒక్కరూ రాలేదేందన్నా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తనే నటించిన సీను అయినా, అతను నిజంగా ఆ రోజు వచ్చిన ఆడవాళ్ళ కోసమే చూస్తున్నాడు.